లిల్లీల మాట ఎత్తకు

అక్కా,

తలుపు తీయగానే మీసాలోడు ఎదురు రాలేదని కంగారు పడకు. బతికే ఉన్నాడు. పశువుల ఆసుపత్రిలో సెలైన్ మీద ఉన్నాడు. ఫోన్లో చెబితే మా ఆయన వింటారని ఈ కాగితం మీ బల్ల మీద పెట్టి వెళ్తున్నాను.

నీ పిల్లిని నా చేతుల్లో పెట్టి మీరిద్దరూ నిశ్చింతగా ఊరెళ్లారు. మా పెళ్లిరోజున ఆయన బొకేల్లో పెట్టే పెద్ద లిల్లీల గుత్తి తెచ్చారు. మీసాలోడు వాటిలో మూతి దూర్చి, అంటిన పుప్పొడిని నాక్కుంటుంటే నేను నవ్వుతూ చూస్తూ కూర్చున్నాను. తెల్లారేసరికి వాంతులు. మంచం కింద దూరి, పిలిచినా పలకలేదు.

ఆసుపత్రిలో ఆయన బండి పెట్టడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ అడిగింది.

"ఇంట్లో లిల్లీలున్నాయా?"

"ఉన్నాయండీ."

"ఆ పుప్పొడి నాకినా పిల్లికి కిడ్నీలు పోతాయమ్మా. త్వరగా తెచ్చారు కాబట్టి గట్టెక్కొచ్చు."

ఇవాళ లేచి నీళ్లు తాగాడు. కిడ్నీలు దెబ్బతినలేదట. రేపు పంపిస్తామన్నారు.

నన్ను ఎంత తిట్టినా పడతాను. ఆయన దగ్గర మాత్రం పువ్వుల మాట ఎత్తకు. బయట ఏదో తిన్నాడని చెప్పాను, డాక్టరమ్మనీ ఆయనతో అనొద్దని బతిమాలుకున్నాను. గుత్తి వాడిపోయిందని చెప్పి పారేశాను. పాపం, ఆయన ఆఫీసు మానేసి వాడి పక్కనే కూర్చుంటున్నారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకు పువ్వులు తేవడం ఇదే మొదటిసారి అక్కా. నా సంబరం చూసి, ఇకనుంచి ఏటా తెస్తానంటున్నారు.

నీ చెల్లి