పెద్దమ్మ కోడిగీతలు

ప్రియమైన అక్కకి,

ఇక్కడ ఆకులు రాలుతున్నాయి. బడులకి సెలవులిచ్చేశారు. వీధి పిల్లలంతా ఆకులు కుప్పపోసి దూకుతుంటే, మా పిల్లలిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని కిటికీలోంచి చూస్తున్నారు. ఇంట్లో చదువుకునేవాళ్ళకి సెలవులెక్కడివే అన్నాను. "అయితే బడే నయం" అంది చిన్నది.

చిన్నదానితో బెంగ లేదు. నాలుగేళ్ళకే అక్షరాలు గడగడా చెప్పేస్తుంది. నా బెంగంతా పెద్దదానితోనే. దానికి ఏడు నిండాయి. బడిలో నిలబెట్టి చదవమన్నప్పుడు మాట తడబడిందని పిల్లలు నవ్వారు కదా, అప్పట్నుంచి నోరు విప్పి ఒక్క ముక్క చదవలేదు. అందుకే మాన్పించి ఇంట్లో పెట్టుకున్నాను. ఐదు నెలలైంది. పుస్తకం ముందు పెడితే గోళ్ళు కొరుక్కుంటుంది తప్ప పెదవి కదపదు. అసలు చదవడం వచ్చో రాదో కూడా తెలియడం లేదు.

సెలవులయ్యాక మొదటి సోమవారం, ఇంట్లో చదివే పిల్లల్ని పరీక్షించే అధికారి ఇంటికొస్తారట. ఆయన ముందు చదవకపోతే మళ్ళీ ఆ బడికే పంపాలి. మీ మరిది లారీ ఎక్కుతూ "అప్పుడు చూద్దాంలే" అనేసి వెళ్ళారు. నాకు అన్నం సయించడం లేదు. ఏం చెయ్యమంటావు?

నీ చెల్లి

*

చెల్లాయికి,

చలి మొదలయ్యేసరికి కోట్లు కుట్టించుకునేవాళ్ళు నా కొట్టు ముందు బారులు తీరారు. మిషను మీదే కాగితం పెట్టి రాస్తున్నాను. అసలే నా రాత కోడి గెలికినట్టుంటుందంటావు, కూడబలుక్కుని చదువుకో.

గుడ్డని పట్టి లాగితే సాగుతుంది, కుట్టు నిలవదు. పిల్లా అంతే. నువ్వు పదేళ్ళదాకా కళ్ళజోడుని 'కల్లజోడు' అనేదానివి. ఇప్పుడు నన్ను తిట్టేటప్పుడు ఒక్క అక్షరం తప్పుతున్నావా? పిల్లని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు.

ఇక సెలవు.
అక్క

*

అక్కా,

నీకేం, ఎన్నైనా చెబుతావు. పది రోజులే ఉన్నాయి. ఇప్పుడు వదిలేస్తే ఎలా?

నిన్న విసుగొచ్చి పుస్తకం బల్ల మీదికి విసిరాను. అది ఏడవలేదు. పుస్తకం తీసి, నలిగిన పేజీ సాపుచేసి, నా ముందు పెట్టి, మంచం కింద దూరింది. అన్నానికి పిలిచినా రాలేదు. చిన్నది కంచం అక్కడికే పట్టుకెళ్ళింది. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. దాన్ని నేనే పాడుచేస్తున్నానేమో అక్కా.

మరో గోల, నీ ఉత్తరాల డబ్బా ఎవరో కదుపుతున్నారు. చిన్నది పడవలు చేస్తుందేమోనని పై అరలో పెట్టాను.

నీ చెల్లి

*

పిచ్చి మొహమా,

ఆ పరీక్షాధికారంటే అంత భయమేమిటే? ఆయనేమన్నా పులా? ముఖం గంటు పెట్టుకుని వస్తాడు, టీ తాగుతాడు, నాలుగు గీతలు గీసుకుని పోతాడు. బిస్కెట్లు మాత్రం లెక్కపెట్టి పెట్టు, అలాంటివాళ్ళు డబ్బా ఖాళీ చేస్తారు.

పిల్లని విసుక్కోకు. చదవకపోతే చదవకపోయింది, మన పిల్ల కాకుండా పోతుందా?

ఇక సెలవు.
అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం సరిగ్గా ఆ సోమవారం పొద్దున్నే వచ్చింది. చదివి, బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పిల్లలిద్దరూ లేరు. చెప్పులూ లేవు. మంచం కింద చూశాను, బీరువా వెనక చూశాను. తడి జుట్టుతోనే గుమ్మంలోకి పరిగెత్తితే ఎదురుగా పరీక్షాధికారి, చేతిలో కాగితాల అట్ట. "పిల్లలేరమ్మా?" అన్నారు. ఆయన్నీ వెంటేసుకుని వీధిలోకి పరిగెత్తాను.

వీధి చివర దొరికారు. మిగతా పిల్లలు బడికి పోవడంతో ఆకుల కుప్ప మొత్తం వీళ్ళదే అయింది. ఎవర్నడిగి వచ్చారే అంటే, పెద్దది జేబులోంచి నీ ఉత్తరం తీసింది. "పెద్దమ్మ సెలవిచ్చింది" అంది.

ఆయన కాగితం తీసుకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు. "ఇదేం రాతమ్మా, ఎక్కడుంది సెలవు?" అన్నారు. అది ఆయన చేతిలోంచి లాక్కుని మొదట్నుంచీ చదివింది అక్కా. పైకే చదివింది. తడబడింది, ఆగింది, మళ్ళీ అందుకుంది. "పులా" దగ్గర కాస్త తటపటాయించింది కానీ వదల్లేదు. బిస్కెట్ల దగ్గరికొచ్చేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మన పిల్ల కాకుండా పోతుందా" అన్నది మాత్రం రెండుసార్లు చదివింది. అడుగున వేలు పెట్టి "ఇక సెలవు" అని ఆయనకి చూపించింది.

తర్వాత నా వైపు తిరిగి, "ఇంతకుముందు ఉత్తరంలో కూడా ఇచ్చింది. నువ్వే ఇవ్వలేదు" అంది.

డబ్బా కదిపింది ఎవరో అప్పుడు అర్థమైంది. నీ కోడిగీతలన్నీ మంచం కింద కూర్చుని చదువుకుంటోందన్నమాట. నేను నీకు రాసుకున్నవి తప్ప, నువ్వు రాసినవన్నీ దానికి తెలుసు. నేను పుస్తకం విసిరిన సంగతి మాత్రం చదవక్కర్లేదు, కళ్ళారా చూసింది కదా.

ఆయన టీ తాగారు. పాపం, బిస్కెట్ ముట్టుకోలేదు. అట్ట మీద కాగితంలో "చదువుతుంది" అని రాసి, వెళ్ళేటప్పుడు "ఆ రాత చదివిందంటే ఇంకేదైనా చదువుతుందమ్మా" అన్నారు.

ఇది రాస్తుంటే పెద్దది నా భుజం మీదుగా తొంగి చూస్తోంది, చివర ఏం రాస్తానోనని. వీధి చివర ఆకులు ఇంకా ఊడవలేదు.

ఇక సెలవు.
నీ చెల్లి