విత్ పెట్టెల్లో ఒక దొంగ చీటీ

బర్మింగ్‌హామ్‌లో కాలువ వారన మిసెస్ డాకిన్ ఇంటి మేడగదిలో అద్దెకుంటున్న తిర్జా బీచీ అనే నేను, పడవ నడిపి బతికిన కీర్తిశేషుడు జోసయా బీచీ కూతురిని, వయసు ఇరవై ఆరు, అవివాహితను, నిఘంటువు కార్యాలయంలో ఉద్యోగినిని, పూర్తి తెలివితో, నా ఇష్టంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఏదీ రాయలేదు కాబట్టి రద్దు చేయడానికి ఏమీ లేదు.

ఎల్లుండి శుక్రవారం ఆసుపత్రిలో నా కడుపులోని గడ్డ కోసి తీస్తారు. ఎలా ఉంటుందని డాక్టరుగారిని అడిగితే కళ్ళజోడు తుడుచుకున్నారు. సోమవారం మా ఇంగ్లీషు నిఘంటువులో, ఒకరితో, ఒకదానితో అనడానికి వాడే "విత్" అన్న మాట ఉన్న భాగం అచ్చుకి వెళ్తుంది. ఈలోగా ఒక పని తెమలాలి. అదేమిటో నాలుగో అంశంలో ఉంది. ముందు అదే రాద్దామని కూర్చుని మూడుసార్లు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అందుకని చిన్నవాటితో మొదలుపెడుతున్నాను.

ఒకటి. మా అన్న ఏబెల్ బీచీకి, లాకు తలుపుల మర తిప్పే ఇనప పిడి. నాన్న నడుముకి దోపుకునేది అదే. నా ట్రంకు పెట్టె అడుగున, పాత పావడాలో చుట్టి ఉంది. అవునన్నా, నేనే తీశాను. తొమ్మిదేళ్ళప్పుడు నన్ను చదువుకోసం ఒడ్డున దింపేసిన రోజు తీశాను. నువ్వు దానికోసం రెండేళ్ళు వెతికి, చివరికి ఏ పాపం తెలియని లాకు కాపలాదారుతో కలబడి పన్ను విరగ్గొట్టుకున్నావు. ఆ పన్నుకి క్షమించు. కానీ పద్నాలుగేళ్ళప్పుడు సెలవలకి వస్తే చుక్కాని ముట్టుకోనివ్వకుండా, "నీవి బడి చేతులే, పోయి పుస్తకం పట్టుకో" అన్నావు చూడు, దానికి మాత్రం నేనింకా క్షమించలేదు. రెండూ కలిపి ఉంచుకో.

రెండు. నాతో పనిచేసే మిస్ ఆగ్నెస్ ప్రిచర్డ్‌ని ఈ వీలునామా అమలు జరిపే మనిషిగా నియమిస్తున్నాను. ఆమెకు నా బూడిదరంగు ఉన్ని స్వెటరు. ఆగ్నెస్, కిందటి చలికాలం నుంచీ అది నీ ఒంటిమీదే ఉంది. ఇక తిరిగివ్వక్కర్లేదు.

"విత్" వాడిన వాక్యాల చీటీలున్న ముప్పై నాలుగు పెట్టెల బాధ్యత కూడా ఆమెకే. ఐదేళ్ళు ఆ ఒక్క మాటతో కాపురం చేశాను. అమ్మతో వెళ్ళాను అన్నది మొదటి వరస. కత్తితో కోశాను అన్నది రెండో వరస. అన్నతో పోట్లాడాను అన్నది మూడోది. పాత పుస్తకాల్లో ఆ మాటకి ఎదురు నిలవడమన్న అర్థమే ముందుండేది. పక్కన నిలవడం తర్వాత వచ్చింది. నాలుగో వరసలో కోపంతో, జ్వరంతో, పాలతో, ఉప్పుతో, ఆ రోజుతో. సగం పెట్టెల నిండా ఇవే. మూడు, నాలుగు వరసలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, జాగ్రత్తగా చూసుకో. ఒక్క చిన్నమాట మీద ఐదేళ్ళు కూర్చున్నానని విని మా అమ్మ, "పెద్దమాటేదైనా ఇచ్చుంటే ఈపాటికి ముసలిదానివైపోయేదానివే" అంది.

మూడు. నాకు పదకొండో ఏట బహుమతిగా వచ్చిన బొమ్మల భూగోళం పుస్తకం, నేను చదివిన బడిలో తలుపు పక్కనున్న బల్లకి. బడికి కాదు, ఆ బల్లకి. పడవ పిల్లల ఒంటిమీద తారు వాసన వస్తుందని టీచరుగారు మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టేవారు. చలిగాలి నేరుగా తగిలేది. ఆ బల్ల మీద ఎవరు కూర్చుంటే పుస్తకం వాళ్ళది. మొదటి బల్లలవాళ్ళు అడిగితే ఇవ్వొద్దు.

కింద కాలువలో బొగ్గు పడవ ఒకటి వెళ్తోంది. గుర్రం కుంటుతోంది. అమ్మ పడవ మధ్యాహ్నానికి గానీ రాదు. ఇక రాస్తాను.

నాలుగు. మా పనిలో చీటీ అంటే పోస్టుకార్డంత కాగితం. పైన మాట, కింద ఆ మాట వాడిన వాక్యం, అది ఏ ఏడు, ఎక్కడ, ఏ పేజీలో ఉందో. అచ్చు పుస్తకం కావచ్చు, తేదీ వేసిన పాత ఉత్తరం, వీలునామా, చర్చి పుస్తకం ఏదైనా కావచ్చు. కాగితం మీద ఉండాలి. నోటిమాట పనికిరాదు.

నాన్న లాకులో పడి చనిపోయిన రెండేళ్ళకి, కేబిన్లో ఎందరుంటున్నారో రాసుకునే ఇన్‌స్పెక్టరు మా పడవెక్కాడు. అప్పటికి నేనింకా పడవ మీదే ఉన్నాను.

"ఎందరమ్మా మీరు?" అన్నాడు.

"జోసయాతో నలుగురం" అంది అమ్మ.

"జోసయా ఎక్కడ?"

"పోయి రెండేళ్ళయింది."

"మరి ముగ్గురేగా."

"మీకు ముగ్గురు, బాబూ. మాకు నలుగురం. మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి. ఆయన పెద్ద చోటేం ఆక్రమించడు లెండి."

మా కాలువ మీద ఆడవాళ్ళందరూ అలాగే అంటారు. పోయినవాళ్ళని లెక్కలోంచి తీసేయరు. పక్కన "విత్" పెట్టి ఉంచుకుంటారు. ఆ వాడుక నా ముప్పై నాలుగు పెట్టెల్లో ఎక్కడా లేదు. రెండేళ్ళ కిందట సంపాదకులు మిస్టర్ లోఫ్టస్ గారికి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, "మీ అమ్మగారంటే గౌరవమే మిస్ బీచీ. కానీ ఆవిడ ఏ పేజీలో ఉన్నారు?" అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అన్నదానికన్నా నేను నవ్వినదే నాకింకా మింగుడు పడటం లేదు.

మర్నాడు నేను ఒక చీటీ రాశాను. "జోసయాతో నలుగురం" అన్న వాక్యం. కింద, 1861, కాలువ మీద ఒక వితంతువు ఉత్తరాలు, 88వ పేజీ. అలాంటి పుస్తకం లేదు. అలాంటి వితంతువు లేదు. చీటీల మూలం సరిచూసే పని నాదే కాబట్టి, సరిచూశానని మూల మీద నా పొడి అక్షరాలు కూడా వేశాను. పేజీ నంబరు ఉంది కాబట్టి పుస్తకమేదని ఎవరూ అడగలేదు. లోఫ్టస్ గారు, "చూశారా, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది" అని మెచ్చుకుని, దానికోసం కొత్త అర్థం ఒకటి చేర్చారు. కిందటి వారం అచ్చు నమూనా వచ్చింది. అందులో ఉంది. చూసి ఆనందపడదామనుకున్నాను. నమూనాని బోర్లా పెట్టేశాను.

నిఘంటువుని నమ్మి తెరిచే మనిషికి అబద్ధం చెప్పాను. అది ఒక తప్పు. అమ్మ మాటని అమ్మ దగ్గర్నుంచి లాక్కుని, లేని మనిషి నోట్లో పెట్టాను. అది ఇంకో తప్పు. రెండోదే నన్ను కూర్చోనివ్వడం లేదు.

కాబట్టి, [కొట్టివేత: నేను పోతే] శనివారం పొద్దున్న ఆగ్నెస్ ఈ కాగితాన్ని లోఫ్టస్ గారి బల్ల మీద పెట్టాలి. "నేను పోతే" అని రాసి కొట్టేశాను. కొట్టేసిన చోట చట్టప్రకారం నా పొడి అక్షరాలు వేశాను. ఈసారి నిజంగానే సరిచూసి వేశాను. పోతేనే చెప్పడం చాలా తేలిక. నేను బతికినా సరే, ఈ అంశం నా చావు కోసం ఆగదు. ఉద్యోగం పోతుంది. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే పని దొరికింది నాకొక్కదానికే. అది తెలిసే రాస్తున్నాను.

దొంగ చీటీ పంతొమ్మిదో పెట్టెలో, నీలం దారం కట్టిన కట్టలో ఉంది. తీసి చింపేయాలి. అచ్చు నమూనాలో ఆ వరస కొట్టేయాలి.

ఐదు. మిస్టర్ లోఫ్టస్ గారికి నా దగ్గరున్నవేవీ పనికిరావు. అందుకని, మా అమ్మ అనుమతితో, మా పడవలో బ్రౌన్‌స్టన్ దాకా రెండు రోజుల ప్రయాణం. పెన్సిలు తీసుకెళ్ళకూడదు. లాకుల దగ్గర దిగి తలుపులు తొయ్యాలి, అమ్మ ఊరికే ఎవరినీ కూర్చోనివ్వదు.

ఆరు. మా అమ్మ కెజియా బీచీకి ఈ వీలునామాలో ఏమీ రాయడం లేదు. వీలునామాకి సాక్షి అయినవాళ్ళకి అందులో ఇచ్చినది చెల్లదని చట్టం. నాకు అమ్మ సాక్షిగానే కావాలి. ఎందుకో కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

ఇక్కడిదాకా రాశాక పడవ వచ్చింది. అమ్మ పైకొచ్చింది. వీలునామాలో ఇవ్వలేను కాబట్టి నా శాలువా చేతికిచ్చాను. "నువ్వు బతికుండగానే నీ శాలువా నాకెందుకే" అని మళ్ళీ నా భుజాల మీదే వేసింది. దొంగ చీటీ సంగతంతా చెప్పాను. కాసేపు నా బూట్ల వైపు చూసింది. "నా మాటకి ఇంకో ఆడదాని పేరెందుకు పెట్టావే? నేను లేనా?" అంది. అంతకుమించి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత, "శుక్రవారం పడవని ఏబెల్‌కి వదిలేసి ఆసుపత్రికి నీతో వస్తాను" అంది. నాన్న పోయిన రోజు తప్ప అమ్మ పడవని ఇంకొకరి చేతికి వదిలి ఉండగా నేను చూడలేదు. నీతో వస్తాను అన్నది మొదటి వరసలో, మొదటి పెట్టెలో పడే వాక్యం, అలాంటివి వందలున్నాయి. అయినా దాన్ని ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

ఏడు. కాగితమంతా అమ్మకీ మిసెస్ డాకిన్‌కీ బిగ్గరగా చదివి వినిపించాను. చివర సాక్షుల చోట "ఇద్దరమూ ఒకేసారి ఎదురుగా ఉండి" అని చట్టం చెప్పినట్టే రాసుకున్నాను. అది చదవగానే అమ్మ నన్ను ఆపింది. "ఇద్దరం కాదు. జోసయాతో ముగ్గురం" అంది. మిసెస్ డాకిన్ బట్టలుతికి నానిన చేతులు ఏప్రనుకి తుడుచుకుంటూ, "అయితే ఆయన్నీ సంతకం పెట్టమనండి" అంది. "ఆయనకీ రాదులే, నాలాగే" అంది అమ్మ. "ఇద్దరమూ" తీసి "మేము" అని రాశాను.

ఆగ్నెస్, చింపేసిన చీటీ స్థానంలో ఈ చీటీ పెట్టు. వాక్యం: "జోసయాతో ముగ్గురం." మాట్లాడిన మనిషి: కెజియా బీచీ, పడవ మనిషి. మూలం: తిర్జా బీచీ వీలునామా, ఏడో అంశం, 1908. ఇది తేదీ ఉన్న కాగితం. విన్నవాళ్ళు ఇద్దరున్నారు. లోఫ్టస్ గారు అడిగిన పేజీ ఇదే. ఆయన ఒప్పుకోకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయనీ. అబద్ధం మాత్రం ఉండకూడదు.

పైన రాసినదంతా నా చేతిరాతే. 1908 అక్టోబరు 14, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలకి, అమ్మ పడవ కింద కట్టి ఉండగా సంతకం చేస్తున్నాను.

(సంతకం) తిర్జా బీచీ

తిర్జా బీచీ మా కళ్ళముందు సంతకం చేయగా, మేము ఒకేసారి ఎదురుగా ఉండి, ఆమె చూస్తుండగా సాక్షులుగా గుర్తూ సంతకమూ పెట్టాము.

కెజియా బీచీ, పడవ మనిషి. ఆమె గుర్తు: ×

హారియట్ డాకిన్, చాకలి పని. (సంతకం) హెచ్. డాకిన్

జోసయా బీచీ. ఈ చోటు అమ్మ వదిలిపెట్టమంది.