సుధాకర్ అన్న దూకిన సీను

ప్రియమైన అక్కకు,

ప్రభువు కాపుదలలో మీరంతా క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. చంటిదానికి దగ్గు తగ్గిందా? బావగారు మళ్లీ డ్యూటీకి వెళ్తున్నారా? నా గురించి బెంగ పెట్టుకోవద్దు. ఆరోగ్యంగానే ఉన్నాను, వేళకి తింటున్నాను. ఇక్కడ వానలు పట్టుకున్నాయి. యూసుఫ్‌గూడ నుంచి ఫిల్మ్ నగర్ ఎంతో దూరం లేదు గానీ, చినుకు పడితే ఆటోవాళ్లు ఆగరు. తడిసి ఆఫీసుకి వెళ్లి ఏసీలో కూర్చుంటే రోజంతా వణుకే. మెస్సులో పప్పు నీళ్లలా ఉంటుంది. నువ్వు పంపిన గోంగూర పచ్చడితోనే నెట్టుకొస్తున్నాను. వీలైతే ఇంకొంచెం పంపు.

ఇవి ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. చెప్పాల్సింది వేరే ఉందక్కా. ఫోన్ చేసి, నీ గొంతు వినగానే ఏదో మాట్లాడి పెట్టేస్తున్నాను. అందుకే రాస్తున్నాను. మార్తమ్మ టీచర్ గారు మందిరానికి రావడం మానేశారని, ఒంట్లో బాగాలేదేమోనని అన్నావు కదా. ఒంట్లో బాగానే ఉంది. కారణం నాకు తెలుసు.

ఆవిడ కొడుకు సుధాకర్ అన్న కథ సినిమాగా తీస్తున్నారని, దానికి నేను సహాయ రచయితగా చేరానని చెప్పినరోజు మనం ఎంత సంబరపడ్డాం! మిగతా పిల్లలు సినిమా హీరోల బొమ్మలు దాచుకుంటే, మనం పేపర్లో వచ్చిన పైలట్ల ఫొటోలు కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించేవాళ్లం. యుద్ధంలో విమానం కూలినా బతికి వచ్చినవాళ్లు, ఫైటర్ నడిపిన ఆడపిల్లలు, అందరి పేర్లూ మనకి కంఠతా. వాళ్లందరికీ పైన మన వీధి సుధాకర్ అన్న, యూనిఫాంలో. సెలవుకి వచ్చినప్పుడు రెండు చేతుల్లో స్టీలు గ్లాసులు పట్టుకుని, శత్రువు విమానం వెనక్కి ఎలా చేరాలో చూపించేవాడు. వాళ్లమ్మ కాఫీ పోద్దామంటే గ్లాసులు ఉండేవి కావు.

ఇంజను ఆగిపోయిన విమానాన్ని ఊరి మీద పడకుండా చెరువు వైపు తిప్పి, అన్న విమానంలోనే ఉండిపోయి ప్రాణం వదిలాడని ఆ ఊరివాళ్లు చెప్పినప్పుడు మనం ఏడుస్తూనే గర్వపడ్డాం. దూకగలిగీ దూకలేదు మా అన్న అని నేను కాలేజీలో ఎందరికి చెప్పుకున్నానో. టీచర్ గారికి మాత్రం అప్పట్లో ఇంటికి వచ్చిన ఆఫీసరు, "అంతా క్షణంలో అయిపోయిందమ్మా, దూకే వ్యవధి లేదు" అని చెప్పారట. ఇన్నేళ్లూ ఆవిడ ఆ ఒక్క మాట పట్టుకునే ఉన్నారు. ఆ సంగతి నాకు ఆవిడ ఇక్కడి నుంచి వెళ్లేరోజే తెలిసింది.

మొదట రాసిన కథలో పైలట్ చనిపోతాడు. హీరో గారి మనుషులు ఒప్పుకోలేదు. "మా హీరో చచ్చిపోతే టికెట్టు ఎవడు కొంటాడండీ?" అన్నారు. అన్న గొప్పతనమంతా దూకకపోవడంలోనే ఉందని నేను చాలా వాదించాను. డైరెక్టర్ గారు మంచివారే. "నాకు మాత్రం ఇష్టమా ఎస్తేరూ? సినిమా ఆగిపోవడం కంటే నయం కదా" అన్నారు. చివరికి పైలట్‌ని దూకించి బతికించారు.

తర్వాత, ప్రచారానికి అసలు తల్లితో ఒక వీడియో కావాలని టీచర్ గారిని పిలిపించారు. నా గదిలోనే దిగారు. మా ఓనరమ్మ సైదమ్మ వచ్చి, "మీ పెద్దమ్మనా? జర చాయ్ తాగి పోర్రి" అని కూర్చోబెట్టింది. "మా అబ్బాయి మీద సినిమా తీస్తున్నారండీ, పైలట్ వాడు" అని టీచర్ గారు ఎంత ముచ్చటగా చెప్పారో. చర్చికి కట్టుకునే తెల్ల చీర, అన్న మొదటి జీతంతో కొన్న వాచీ పెట్టుకుని బయల్దేరారు.

స్టూడియోలో తర్వాత ఆకాశం అతికించడానికి గోడలకీ నేలకీ ఆకుపచ్చ గుడ్డ కప్పి, హీరో గారిని తాళ్లతో పైకి కట్టి, పెద్ద పెద్ద ఫ్యాన్లు తిప్పుతున్నారు. కథ మారిందని ఆఫీసువాళ్లు ఆవిడకి చెప్పే ఉంటారనుకున్నాను. చెప్పలేదు. మానిటర్లో హీరో గారు ప్యారాషూట్‌తో మెల్లగా దిగుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇదేంటమ్మా?"

"దూకాడండీ. కిందికి దిగుతున్నాడు."

"దూకొచ్చా?"

నేను నోరు తెరిచేలోపే డైరెక్టర్ గారు పక్కకి వచ్చి, ఆవిడ సంతోషిస్తారనే అనుకుని చెప్పారు. "దూకొచ్చమ్మా. ఊరు దాటించాక కూడా టైముందట. ఆయన స్నేహితుడు, ఆయనా పైలటే, మాకు చెప్పారు. విమానం మళ్లీ ఊరివైపు తిరక్కుండా మీ అబ్బాయి కావాలనే చివరిదాకా ఉండిపోయారు. అందుకే కదమ్మా హీరో అయ్యారు."

ఆవిడ మళ్లీ మానిటర్ వైపు తిరిగారు. "ఇంకోసారి చూపిస్తారా బాబూ?" అని అడిగారు. చూపించారు. కాళ్లు నేలకి ఆనేదాకా కళ్లార్పకుండా చూశారు. మళ్లీ అడిగారు. తర్వాత కెమెరా ముందు కూర్చోబెట్టి, కొడుకు గురించి గర్వంగా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆవిడ చేతి వాచీ తిప్పుకుంటూ కూర్చున్నారు. "పర్లేదమ్మా, కొంచెం నవ్వండి చాలు" అన్నాడు మేనేజరు. ఆవిడ నవ్వారక్కా.

అమీర్‌పేటలో చీరాల బస్సు కోసం నిలబడి ఉండగా అన్నారు: "టైముందట వాడికి. ఆ ఊళ్లో వాళ్లంతా గుర్తొచ్చారు. నేను గుర్తు రాలేదు."

"అలా కాదండీ, అంతమంది ప్రాణాలు..." అన్నాను.

"నీకు తెలుసుగా. ఇన్నేళ్లూ అదే తలుచుకుని మురిసిపోయి ఉంటావు. ఒక్క మాట నాతో అనలేదేం?"

ఆవిడకి తెలియదని నాకు తెలియదు. అదే చెప్పాను. తల ఊపి బస్సెక్కారు. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. ఇప్పుడు ఏ పైలట్ ఫొటో చూసినా వాళ్లమ్మ బతికుందా అనే ముందు అనిపిస్తోంది.

నువ్వొకసారి వెళ్లు. అన్న త్యాగం గురించి మాత్రం ఎత్తకు. పాస్టరు గారికి కూడా ఎత్తొద్దని చెప్పు. ఊరికే కూర్చుని, ఏదైనా వండిపెట్టి రా. దానివల్ల ఏమీ మారదని నాకు తెలుసు. అయినా వెళ్లు. సినిమా విడుదలైతే ఆవిడ వీధి గోడల మీద పోస్టర్లు పడకుండా బావగారిని చూడమను.

అమ్మకీ నాన్నకీ నా వందనాలు చెప్పు. ఈ సంగతి వాళ్లకి చెప్పకు. చంటిదానికి ముద్దులు. నేను బాగానే ఉన్నాను. వచ్చేద్దామనిపిస్తుంది గానీ, వచ్చి ఆ వీధిలో ఆవిడ గుమ్మం దాటి ఎలా నడవాలో తెలియడం లేదు.

పైలట్ నేలకి దిగాక తల్లికి ఫోన్ చేసే సీను ఒకటి కొత్తగా చేర్చారు. మాటలు నన్నే రాయమన్నారు. "అమ్మా, నేనే. దిగిపోయాను. అన్నం వండు, వస్తున్నా" అని రాశాను. డైరెక్టర్ గారు చదివి కళ్లు తుడుచుకున్నారు. సోమవారం తీస్తారట.

నా కోసం ప్రార్థన చెయ్యక్కా. మోకరిస్తే నాకు మాట రావడం లేదు.

నీ చెల్లెలు,
ఎస్తేరు