అప్పలస్వామి తగ్గిందన్న నొప్పి

ఖరగ్‌పూర్, జూలై 1989, మంగళవారం

మందు లేకుండా మర్దనతో నడుము నొప్పి తగ్గుతుందా అన్నది నర్సుగా నా పరిశోధన. కాలు విరిగి రైల్వే ఆసుపత్రి వార్డులో పడుకుని పడుకుని నడుము పట్టేసిన, పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్ అప్పలస్వామి రోజూ తగ్గిందనే చెప్పాడు. ఈ సాయంత్రం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి అన్నం తెచ్చిన ఆయన భార్య వరండాలో నన్ను ఆపింది.

“నువ్వెల్లిపోనాక మూలుగుతాడమ్మా. నీ మనసు నొచ్చుకుంటాదని అలాగంటాడు.”

వెళ్ళి ఆయన్నే అడిగాను.

“అంత కష్టపడి నడుం రుద్దుతన్నావు. తగ్గనేదని ఎలాగ సెప్పను?”

“అయితే రేపటి నుంచి మానెయ్యనా?”

“మానకమ్మా. నొప్పి ఉంటాది గానీ, నువ్వున్నంతసేపూ ఒక్కన్నే పడున్నట్టుండదు.”

మిగతా రోగుల్లో ఎంతమంది నా కోసం తగ్గిందన్నారో తెలియదు. ఇకమీదట తగ్గిందా అని అడిగే పని తోటి నర్సు మాలతీ దీదీకి అప్పగిస్తాను. మర్దన మాత్రం నేనే చేస్తాను.