బుడగల సీసా

చెల్లీ,

ఒకరిని ఆడిపోసుకోవడం పాపమని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మా పరిశోధన డాక్టరుగారి బుడగల సీసాలు మీ పసిపిల్లల వార్డుకూ వస్తున్నాయని విని కలం పట్టాను.

ఊపిరాడని బిడ్డ ముక్కుకు గాలి గొట్టం పెట్టి, రెండో కొస సీసా నీళ్లలో ముంచుతారు. నీళ్లలో బుడగలొస్తుంటే బిడ్డకు గాలి అందుతున్నట్టు. మొన్న బుడగలు ఆగిపోయి బిడ్డ నీలం తిరిగింది. దేవుడు కళ్లిచ్చింది సీసా చూడ్డానికేనన్నట్టు, ఆ మహానుభావుడు సీసానే తడుతున్నాడు. బిడ్డ నోరు తెరుచుకుని గాలంతా బయటికి పోతోంది. నేను గడ్డం కింద వేలు పెట్టి నోరు మూశాను. బుడగలొచ్చాయి.

"చూశావా ఆయమ్మా, నా సీసా! ఫోటో తియ్యాలి, చెయ్యి తియ్యి."

తియ్యలేదు. ఫోటోలోంచి నా వేలిని కత్తిరించేశాడు.

ఆయన రాసిన కాగితాల్లో వేలు సంగతే లేదు. బుడగలు ఆగితే నువ్వు బిడ్డ మొహం చూడు.

ఈ ఉత్తరం దాచుకో, ఎవరికీ చూపించకు. ఆయన కంటపడితే, దేవుడిచ్చిన నా వేలు కూడా తానే కనిపెట్టానంటాడు.

అక్క