ఎర్ర గన్నేరు ఏ యూనివర్సిటీది

అక్కకు,

నీ తమ్ముడు రామసామి మొక్కి రాసేది. నేను, సరోజ, మా పిల్ల నందిని, ముగ్గురం బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా, బావ చుట్ట మానేశాడా, కొత్త దూడ మేత పట్టిందా, ఈ మూడిటికీ విడివిడిగా జవాబు రాయి. ఫోనులో అడిగితే "అంతా బాగుంది" అనే ఒక్క మాటే వస్తుంది.

ఫోనులో కాక ఉత్తరం రాయడానికి ఇంకో కారణం ఉంది. మన ఇంట్లో తెలుగు అక్షరం చదవగలిగేది మనమిద్దరమే. మిగతా వాళ్ళకు తమిళం వస్తుంది, నందినికి ఇంగ్లీషు కూడా వస్తుంది. తాత పాత పద్దుల పుస్తకం చూసి నేను నేర్చుకున్న అక్షరాలు, బొగ్గుతో గచ్చు మీద నీకు నేర్పినవి, ఇప్పుడు పనికొస్తున్నాయి. ఇది చదివి ఎవరికీ వినిపించొద్దు.

ఇక్కడ చలి పోయి నెల అయింది. ఈ అమెరికా చెట్ల పుప్పొడి పసుపు పొడిలా రాలి కార్ల మీద, కిటికీల మీద పడుతుంది. రోజూ తుడుస్తున్నాను. మిల్లులో నూలు తీసే కొత్త మిషన్లు రెండు వచ్చాయి, బిగించడం నా పని. కోయంబత్తూరు మిల్లులో ఎవరూ నేర్పకుండా పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే ఇక్కడ కూడా అన్నం పెడుతోంది. మధ్యాహ్నం ఒక్కడినే కూర్చుని పెరుగన్నం తింటాను. సరోజ సజ్జపిండితో కంబు కూడు చేసింది గాని ఇక్కడ దొరికే పిండి చేదు. ఎవరైనా వస్తుంటే పులుసులోకి ఎండిన సుండకాయ వత్తలు కొంచెం పంపు. ఎక్కువ వద్దు.

ఇక నందిని సంగతి. ఇది నీకు సగం తెలుసు. మిగతా సగం చెప్పడానికే రాస్తున్నాను.

ఇక్కడ ప్లస్ టూ అయిన పిల్లను నేరుగా డాక్టరు చదువులో చేర్చుకోరు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ చదవాలి. అందులోనే కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్సు అన్నీ ముగించాలి. దాన్ని ప్రీమెడ్ అంటారు. ఆ తర్వాత పెద్ద పరీక్ష, ఆ తర్వాతే మెడికల్ కాలేజీకి దరఖాస్తు. నందిని మొదటి రెండేళ్ళు మా ఊరి చిన్న కాలేజీలో చదివింది. అక్కడ ఉండేది రెండేళ్ళ చదువే. మిగతా రెండేళ్ళకు యూనివర్సిటీకి మారాలి. రెండు ప్రభుత్వ యూనివర్సిటీలు చేర్చుకుంటామన్నాయి. ఒకటి ఇంటికి అరగంట. రెండోది ఐదు గంటల ప్రయాణం.

నా నోటుబుక్కు నీకు తెలుసు కదా. ఆ రోజు ఎండో వానో, మిల్లులో ఏం చేశానో, ఏం తిన్నానో రాసే పుస్తకం. అందులో ఒక పేజీకి మధ్యలో గీత కొట్టి ఎడమవైపు దగ్గరది, కుడివైపు దూరంది అని రాసుకున్నాను. దగ్గరదానిలో నందిని చదివిన సబ్జెక్టులన్నీ లెక్కలోకి తీసుకుంటారు. క్లాసులో కొద్దిమందే ఉంటారు, పంతుళ్ళకు పేరు తెలుస్తుంది. మెడికల్ కాలేజీకి పంతుళ్ళ ఉత్తరాలు కావాలి, పేరు తెలియని పిల్లకు ఎవరు రాస్తారు? దూరందానిలో ఒక కెమిస్ట్రీ మళ్ళీ చదవమన్నారు. క్లాసు సినిమా హాలులా ఉంటుంది. కానీ మెడికల్ కాలేజీ, పెద్దాసుపత్రి ఆ ఆవరణలోనే ఉన్నాయి. ఎక్కడ చేరినా కొత్త చోట మార్కులు సున్నా నుంచి మొదలు. మెడికల్ కాలేజీ వాళ్ళు మాత్రం పాతవి, కొత్తవి కలిపి చూస్తారు. అంటే ఒక్క ఏడాది తడబడినా పోయినట్టే. పేజీ నిండింది, తీర్పు మాత్రం తేలలేదు.

నందినిని అడిగితే "రెండూ మంచివే నాయనా, నువ్వేది చెప్తే అది" అంది. సరోజను అడిగితే "అది దూరం పోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కరు ఒక్కటే" అంది. నేను నవ్వలేదు, మాట నిజమే కాబట్టి.

అప్పుడే నీకు రాశాను, మన ఇంటి దేవత జక్కమ్మ గుడిలో పూవు అడగమని. దగ్గరదానికి ఎర్ర గన్నేరు, దూరందానికి తెల్ల గన్నేరు. రెండూ వేరువేరు ఆకుల్లో పొట్లం కట్టి అమ్మవారి ముందు పెడితే, ముందు తీసిన పొట్లంలో ఏ పూవుంటే అదే అమ్మవారి మాట. ఏ పూవు దేనికో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదన్నాను, అదే పద్ధతి కాబట్టి. పూవు అడుగుతున్నావని మాత్రం ఇంట్లో చెప్పాను. నందిని పడీపడీ నవ్వింది. "కెమిస్ట్రీ చదివి చదివి చివరికి గన్నేరు పూవా నాయనా?" అంది. కాసేపటికి తనే, "సరే, అత్త అడిగితే ఏది వస్తే అదే. దాటితే అత్త మూడు రోజులు తినదు" అంది. మన నాయన పూవు మాట దాటి పడమర పక్క బావి తవ్వించి ఉప్పునీళ్ళు తాగించిన కథ నువ్వు చెప్పిందే, దానికి బాగా గుర్తుంది.

నా మనసులో ఎర్ర రావాలని ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నీకూ రాయలేదు.

నీ జవాబు వచ్చేలోపు ఒక శనివారం ముగ్గురం దూరపు యూనివర్సిటీ చూసి వచ్చాం. దగ్గరది అంతకు ముందే చూశాం. అక్కడి ల్యాబులో ప్లాస్టిక్ బొమ్మలు చూపించారు, నందిని మర్యాదగా తలాడించింది. దూరందానిలో, చదువు కోసం తమ ఒంటిని రాసిచ్చి పోయిన వాళ్ళ దేహాలు ఉన్న గదికి తీసుకుపోయారు. సరోజ బయటే నిలబడింది. నేను గుమ్మంలో ఉన్నాను. నందిని లోపలికి పోయి రెండు చేతులూ వెనక్కి కట్టుకొని మెడ ముందుకు చాచి నిలబడింది. అక్కా, దానికి పదేళ్ళప్పుడు మన కర్రావు ఈనలేక కష్టపడుతుంటే నువ్వు లోపలికి చెయ్యి పెట్టి దూడను తిప్పావే, అప్పుడు నీ పక్కన ఇలాగే నిలబడింది. "తాకకు నా తంగం, చూడు చాలు" అన్నావు. ఆ రోజు సాయంత్రమే డాక్టరవుతానంది. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే నిలబడడం చూశాను. తిరిగొచ్చేటప్పుడు కారులో ఒక్క మాటా మాట్లాడలేదు. అది నా కూతురే, అడిగితే తప్ప చెప్పదు. నేను అడగలేదు.

మర్నాడు ఉదయం నువ్వు ఫోను చేశావు. స్పీకరు పెట్టి ఉంది. "ఎర్రపూవు వచ్చింది తమ్ముడూ, మన ఇంటి చిన్నపిల్ల చేత తీయించాను, మొదటి పొట్లమే ఎర్ర" అన్నావు. ఫోను పెట్టగానే ఇద్దరూ నా మొహం చూశారు.

"ఏది నాయనా ఎర్ర?" అంది నందిని. చేతిలో దోసె ముక్క అలాగే ఉంది.

"దూరంది" అన్నాను.

"చుమ్మా చెప్పొద్దు, నిజం చెప్పు."

"చుమ్మా ఎందుకు చెప్తాను? రాసిపెట్టాను కదా."

అది ఆ దోసె తినలేదు. లేచి వాళ్ళమ్మను పట్టుకుంది.  సరోజ "అమ్మవారే పొమ్మంటే ఆపడానికి నేనెవరు" అని పైనున్న పెట్టె దించింది. ఆ పూటే సమ్మతి పంపేశారు. దగ్గరదానికి రానని రాసేశారు. ఇక మారదు. అబద్ధం చెప్పింది నేను. నమ్మింది సరోజ.

పోయిన ఆదివారం నువ్వు మళ్ళీ ఫోను చేసినప్పుడు "ఇంటి నుంచే పోయి రావచ్చులే" అనబోయావు. లైను బాగాలేదని నేనే పెట్టేశాను. లైను బాగానే ఉంది. ఈ ఉత్తరం చేరాక ఎర్ర అంటే దూరందే అని నువ్వూ అనాలి. నీ చేత కూడా అబద్ధం ఆడిస్తున్నాను. కోపం వస్తే రెండు మాటలు అను, పడతాను. తినడం మాత్రం మానొద్దు.

నందిని ఆగస్టులో పోతుంది. పెట్టెలో నువ్వు కుట్టిచ్చిన బొంత అన్నిటికంటే ముందు పెట్టుకుంది. ఆ తర్వాత ఇంట్లో మేమిద్దరమే. సరోజతో రోజుకు పది మాటలైనా మాట్లాడాలని నోటుబుక్కులో రాసుకున్నాను. నిన్న ఆరు అయ్యాయి.

ఒక్క పని చేసిపెట్టు. వచ్చే శుక్రవారం గుడికి పో. తెల్ల గన్నేరు, ఎర్ర గన్నేరు కలిపి ఒకే ఆకులో కట్టి జక్కమ్మ ముందు పెట్టు. ఏమీ అడగొద్దు. పూవు దాటింది రామసామి అని నా పేరు చెప్పు. నందిని పేరు ఎత్తొద్దు.

బావకు నా మొక్కులు. చిన్నపిల్లకు ముద్దులు, అది తీసిన పూవులో తప్పేమీ లేదు. మా ముగ్గురి తల మీద చెయ్యి పెట్టినట్టు అనుకొని దీవించు, పిల్ల తల మీద కాసేపు ఎక్కువగా ఉంచు.

నీ తమ్ముడు
రామసామి