నార్సింగి టవర్‌లో మూడు సెల్లులు

కొండాపూర్,
9 అక్టోబరు 2011

బాపుకు శివ దండాలు పెట్టి రాయునది. ఇక్కడ నేను, నార్సింగిలో అక్క, బావ, పసిపాప అందరం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బొగ్గుబాయి ముందు సమ్మె టెంటులోనే రెండు పూటలూ తింటున్నావట. వంటవాళ్లను ఉప్పు తగ్గించమను, నీకు బీపీ.

"కరెంటు పోతె మీ ఫోన్ల టవర్ ఎట్ల పనిచేస్తదిరా?" అని అడిగావు. బాయిలోకి దిగేటప్పుడు మీరు నడుముకు కట్టుకునే లైటు బ్యాటరీ లాంటిదే, కాకపోతే పెద్దది. ఒక్కో టవర్ కింద ఇరవై నాలుగు బ్యాటరీ సెల్లులు వరుసగా కలిపి ఉంటాయి. అందులో రెండు మూడు నీరసపడ్డా మిగతావన్నీ వాటితోపాటే చతికిలబడతాయి. మీరు బొగ్గు ఆపారు, ఇక్కడ కరెంటు కోతలు మొదలయ్యాయి. మీ సమ్మె దెబ్బ ముందు తగిలింది నా బ్యాటరీలకే.

నిజం చెప్పాలంటే ఈ కోతలు వచ్చాకే నాకు ఈ పని మీద ఇష్టం పెరిగింది. ప్రతి సెల్లుకూ మీటరు పెట్టి చూసి, నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఒకే రోజు, ఒకే లారీలో వచ్చినవే. ఒకటి నాలుగు గంటలు నిలుస్తుంది, పక్కది గంటలోపే తేలిపోతుంది. ఎందుకని మా ఇంజనీరు విశ్వేశ్వరరావు గారిని అడిగితే, "నీకెందుకయ్యా ఆ గొడవ, టవర్ పడిపోకుండా చూడు చాలు" అన్నారు.

ఇక అక్క సంగతి. నొప్పులు వచ్చిన రోజు నార్సింగిలోనే పనికి పోయిన బావకు ల్యాండ్‌లైన్ నుంచి తొమ్మిదిసార్లు ఫోన్ చేసినా కలవలేదని, పక్కింటి ఈరమ్మ ఆటోలో తీసుకుపోతుంటే దవాఖాన చేరకముందే పాప పుట్టిందని నీకు తెలుసు. బావ ఫోన్ బంద్ పెట్టుకున్నాడని అందరం అనుకున్నాం. "సమ్మె అయిపోయి బస్సులు నడవంగనే వచ్చి బిడ్డను తీస్కపోత, మళ్ల ఆ ఇంటికి పంప" అని రాశావు.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. బావ సగం చిక్కిపోయాడు.

"ఒట్టు శివా, ఫోన్ జేబులనే ఉండె. బంద్ పెట్టలే" అన్నాడు.

"గట్లయితె ఎందుకు కలవలే? టవర్లల్ల పనిచేస్తవు గద, నువ్వు చెప్పు తమ్మీ" అంది అక్క.

నేను "ఏమో" అన్నాను. వాళ్లు పెట్టిన అన్నం తిని వచ్చేశాను.

బాపూ, నాకు తెలుసు. అక్కకు నొప్పులు వచ్చిన పూట కరెంటు పోయిన పావుగంటకే నార్సింగి టవర్ ఆగిపోయింది. అంతకు రెండు రోజుల ముందు అందులోంచి మూడు గట్టి సెల్లులు తీసి హైటెక్ సిటీ టవర్‌లో పెట్టింది నేనే. అక్కడి నీరసం సెల్లులు తెచ్చి నార్సింగిలో పెట్టాను. ఎవరూ చెప్పలేదు, నాకే తట్టింది. మూడు మారిస్తే ఎంతసేపు నిలుస్తుందో చూడాలనిపించింది. హైటెక్ సిటీ టవర్ నాలుగు గంటలు నిలిచింది. ఎంత సంబరపడ్డానో! నార్సింగిలో కాసేపు ఆగితే అడిగేవాళ్లెవరు అనుకున్నాను. అక్క అక్కడే ఉంటుందన్నది మనసుకే రాలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న ఆ మూడు సెల్లులూ తిరిగి నార్సింగిలో బిగించాను. ఈ ఉత్తరం డబ్బాలో వేసేముందు అక్కకూ బావకూ చదివి వినిపిస్తాను. నువ్వు వచ్చాక బావను ఒక్క మాట కూడా అనవద్దు, అక్కను ఆ ఇంటినుంచి తీసుకుపోవద్దు. తిట్టవలసినవాడి పేరు కింద ఉంది.

ఇట్లు,
నీ కొడుకు
శివ